తొమ్మిది జతలు

ఫిబ్రవరి 1, శనివారం

షెర్లిన్ ఆసుపత్రి నుంచి వచ్చింది. మగపిల్లాడు. మూడు కిలోల రెండు వందల గ్రాములు. మా మరిది నేతన్ ఆటో దిగీదిగగానే, "వదినా, చూడు, ముక్కు అచ్చం అన్నదే" అన్నాడు. అన్న అంటే మా ఆయన క్రీస్తుదాసు. మా ఆయన ముక్కు పెట్టుకుని పుట్టడానికి ఆ పిల్లాడికి ఇంకో కడుపు దొరకలేదు కాబోలు.

షెర్లిన్‌కు తల్లి లేదు. అందుకని తొలి కాన్పయినా పురుడు అత్తింట్లోనే, అంటే ఇక్కడే. "తల్లి లేని పిల్ల, నువ్వే అన్ని చూసుకోవాలె" అని అత్తమ్మ నాకు చెప్పింది. చూసుకుంటాను. పెళ్లయిన పదకొండేళ్లుగా ఈ ఇంట్లో అన్నీ నేనే చూసుకుంటున్నాను.

మేడ మీద హాస్టల్లో ఉండే పిల్లలు బాబును చూడ్డానికి దిగి వచ్చారు. కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె నన్ను చూసి, "మీ బాబా ఆంటీ?" అంది. కాదన్నాను.

నాకేమీ అసూయ లేదు. అలసటగా ఉంది, అంతే.

ఫిబ్రవరి 2, ఆదివారం

చర్చిలో ఆరాధన అయ్యాక ముగ్గురు వచ్చి చేతులు పట్టుకున్నారు. "మీ గురించి సుత ప్రార్థన చేస్తున్నం సిస్టర్" అన్నారు. ఏడేళ్లుగా చేస్తూనే ఉన్నారు. దేవుడికి కూడా విసుగొచ్చి ఉంటుంది.

ఇంటికి రాగానే అత్తమ్మ అంది: "ఇన్ని రోజులు పాత నూలు చీర గుడ్డలల్ల చుట్టినం. ఇగ పెద్దమ్మ తెచ్చిన బట్టలు ఏయాలె. ఇయ్యాల పోయి తేపో."

ఈ ఇంట్లో అది పద్ధతి. బిడ్డ పుట్టాకే బట్టలు, అవీ పెద్దమ్మ తేవాలి. పుట్టకముందు కొంటే బిడ్డ దక్కదని నేను కాపురానికొచ్చిన కొత్తలోనే మగ్దలీనమ్మగారు, అంటే మా అత్తమ్మ, నాకు చెప్పి పెట్టింది.

అమీర్‌పేటలో మెట్రో మెట్ల దగ్గరి పిల్లల బట్టల షాపుకు వెళ్లాను. సేల్స్ అమ్మాయి "ఎన్ని నెలల బాబు మేడం?" అని నవ్వుతూ అడిగింది. వట్టి చేతులతో వచ్చేశాను.

ఆయన, నేతన్ ప్రార్థన కూడికకు వెళ్లి ఉన్నారు. అటక మీది నీలం సూట్‌కేసు దించాను. తొమ్మిది జతలు. ఏడేళ్ల కిందట, ఐదో నెలలో, ఇదే షాపులో కొన్నాను. అప్పుడు మెట్రో కొత్త. ఆయనకు కూడా చెప్పలేదు. ఆరో నెలలో అంతా అయిపోయింది. అప్పటి నుంచి ప్రతి క్రిస్మస్‌కు ఇల్లు దులిపేటప్పుడు సూట్‌కేసులో పాత డాంబర్ గోళీలు తీసేసి కొత్తవి వేస్తున్నాను. ఒక్క పురుగు ముట్టలేదు, ఒక్క జుబ్బా రంగు మారలేదు.

ఉతికితే కొత్త మడత పోతుంది కనక ఉతకలేదు. దులిపి, పౌడర్ చల్లి, అదే షాపు సంచి ఒకటి ఇంట్లో ఉంటే అందులో పెట్టాను. అత్తమ్మకు కరోనా తర్వాత వాసనలు తెలియవు. షెర్లిన్ ఒక్కతే ముక్కు దగ్గర పెట్టుకుని, "కొత్త బట్టల వాసన" అంది. సాంబ్రాణి పొగ పట్టి తొడిగేసింది.

"ఇప్పుడే కొన్నా" అన్నాను. నిజమైతే ఎప్పుడో కొన్నాను. కొనడం మాత్రం నిజమే కదా.

ఫిబ్రవరి 3

"మస్తు మెత్తగున్నయి అక్కా" అంది షెర్లిన్. వాటిని మొదట తడిమి చూసుకున్నది నేను.

ఫిబ్రవరి 5, బుధవారం

మా ల్యాబులో కొత్త ప్యాకేజీ పెట్టారు. పంజాగుట్ట చౌరస్తా నుంచి కనబడేలా పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఒంట్లో ఆక్సిజన్ చేసే నష్టం ఎంతో రక్తం చుక్కలో చెప్తారట. ఒక పెద్దమనిషి వచ్చి, ఆక్సిజన్ మంచిది కదమ్మా, నష్టమేంటి అని అడిగాడు. నా జూనియర్ జువేరియా ఓపికగా చెప్పింది: "మంచిదే అంకుల్. గనీ ఇనుముకు తుప్పు పట్టించేది సుత అదే గదా. పీల్చిన దాంట్లకెల్లి జరంత లోపల రివర్స్ అయితది, దొరికిందల్లా కొరుకుతది. దాన్ని ఆపేటందుకు ఒంట్ల సామాన్ ఉంటది. ఫికర్ చేయకుండ్రి." పిల్ల బాగా చెప్తుంది. నేర్పింది నేనే.

ఇంటికి వచ్చేసరికి ఆయన బాబును భుజాన వేసుకుని పాట పాడుతున్నాడు. పదకొండేళ్లలో ఈయన పాడగా నేను వినలేదు. వంకాయ కూర మాడిందని నేతన్ అంటే, మాడితే తినకు అన్నాను. షెర్లిన్ గదిలోంచి, "అక్కా, మీరు తెచ్చినయి తప్ప ఇంకోటి ఏస్తలే. గవి ఏస్తనే మంచిగ పండుకుంటుండు" అని కేకేసింది.

అసూయ ఉంది. రాసేస్తే పోతుందేమోనని రాస్తున్నాను. ఆ పిల్ల వయసు ఇరవై ఆరు. నెల తప్పిన విషయం కూడా ఆ పిల్లకు మూడో నెలదాకా తెలియలేదట, అంత తేలిగ్గా వచ్చింది. నేను రోజులు లెక్కపెట్టుకుంటూ బతికాను. బాబు నా వేలు పట్టుకుంటే విడిపించుకుని వచ్చేశాను. ఆ బట్టల్లో వాణ్ని చూస్తుంటే నా గుడిసెలో ఎవరో కాపురం పెట్టినట్టుంది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

పొద్దున బాబు కళ్లు పచ్చగా ఉన్నాయి. మధ్యాహ్నానికి అరికాళ్ల దాకా పాకింది. ఉచ్చ టీ డికాక్షన్ రంగులో పోశాడు. పాలు పట్టడం లేదు, ఏడవడం కూడా లేదు. పంజాగుట్టలో పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్తే వెంటనే చేర్చుకున్నారు. రక్తంలో కామెర్ల లెక్క ఇరవై రెండు. మెదడుకు ఎక్కితే కష్టమని డాక్టరమ్మ ముఖం మీదే చెప్పింది.

ఫిబ్రవరి 8, శనివారం

ఆ ఆసుపత్రి రక్తాలు మా ల్యాబుకే వస్తాయి. పదిన్నరకు ట్రేలో ఒక గొట్టం. దాని మీద "బేబీ ఆఫ్ షెర్లిన్". ఆ మొదటి రెండు మాటలు నా పేరు ముందు ఎన్నడూ పడలేదు. జువేరియా చేస్తానంది. నేనే చేస్తానన్నాను.

చుక్క రక్తం, మందు, అద్దుడు కాగితం. ఆరాక చీకటి పెట్టెలో నీలి దీపం కింద పెట్టాలి. పక్కన పోల్చడానికి వేసిన మామూలు రక్తం చుక్క వెలిగింది. వాడి చుక్క వెలగలేదు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. మళ్లీ మొదటి నుంచి చేశాను. మళ్లీ నల్లగానే.

"గట్లెందుకు అక్కా?" అంది జువేరియా. చెప్పాను. ఎర్ర కణం ఆక్సిజన్ మోసే కూలి, రోజంతా దానితోనే పని. ఆ ఆక్సిజన్ ఎదురు తిరిగి కొరికితే తట్టుకోవడానికి కణంలో ఒక ఎంజైమ్ కావాలి. వీడికి పుట్టుకతోనే అది లేదు. మామూలుగా బతికేస్తారు, పెద్దవాళ్లవుతారు, పెళ్లిళ్లు చేసుకుంటారు. కానీ ఆ కొరుకుడును ఎగదోసేది ఏదైనా ఒంట్లోకి పోతే మాత్రం కణాలు గుంపులుగా పగిలిపోతాయి. కొన్ని మాత్రలు, ఒక రకం చిక్కుళ్లు, ఇంకా కొన్ని.

ఆ "ఇంకా కొన్ని" దగ్గర ఆగాను. జువేరియా అడగలేదు.

మగపిల్లలకు ఈ లోపం తల్లి వైపు నుంచే వస్తుంది. తల్లి నుంచి. ఈ ముక్క నేను రెండుసార్లు రాశానని తెలుసు.

ఫిబ్రవరి 8, సాయంత్రం

డాక్టరమ్మ విజయవాడ వైపు మనిషి. రిపోర్టు చూసి షెర్లిన్‌ను కూర్చోబెట్టి ఒక్కొక్కటే అడిగింది. బాబుకు ఏమైనా మందులు పోశారా, నువ్వేమైనా మాత్రలు వేసుకున్నావా, ఏం తిన్నావు. షెర్లిన్ ఏమీ లేదని అడ్డంగా తల ఊపుతోంది. నేను పక్క కుర్చీలో ఉన్నాను.

"బట్టల మధ్య పెట్టే కలరా ఉండలు తెలుసు కదండీ, తెల్లగా గోళీల్లా ఉంటాయి? అవి వేసి దాచిన పాత బట్టలు గానీ, దుప్పటి గానీ వాడారా?"

"డాంబర్ గోళీలా? లేదు మేడం. అన్ని కొత్త బట్టలే. మా అక్క షాపుల కొన్నది" అని నా వైపు చూసింది. డాక్టరమ్మ కూడా చూసింది.

నేను అవునన్నట్టు తల ఊపాను. డాక్టరమ్మ కాగితం మీద ఏదో కొట్టేసి, అయితే ఇన్ఫెక్షన్ ఉందేమో చూడాలి, వెన్ను నుంచి నీరు తీయాల్సి వస్తుందేమో అంది.

ఫిబ్రవరి 9

ఉతికే ఇచ్చాననుకుంటాను. ఒక్కసారైనా నీళ్లలో జాడించే ఉంటాను.

ఫిబ్రవరి 10, సోమవారం

వెన్ను నుంచి నీరు తీశారు. ఇన్ఫెక్షన్ లేదు. ఆ చిన్న వీపులో సూది గుచ్చిన చోట దూది అంటించి ఉంది. తర్వాత రక్తం మార్చారు. లోపలిది కొంచెం కొంచెం తీసి బయటిది కొంచెం కొంచెం ఎక్కించారు. మూడు గంటలు పట్టింది. అంతసేపూ ఆయన, నేతన్ మెట్ల మీదే కూర్చున్నారు.

షెర్లిన్ అన్నం మానేసింది. డాక్టరమ్మ చెప్పిన పడనివాటిలో చిక్కుళ్లున్నాయి. నెల మొదట్లో తను చిక్కుడుకాయ ఫ్రై తిన్నదట, ఆ పాలే బాబుకు పోయి ఇట్లయిందట. "నేనే చంపుకుంటున్న అక్కా, ఆకలైతే ఆగలేకపోయిన" అని నా ఒళ్లో తల పెట్టింది. అది ఈ చిక్కుడు కాదు, వేరే రకమని చెప్పాను. అంతవరకు నిజమే చెప్పాను.

ఇంటికొచ్చేసరికి వంటింట్లో అత్తమ్మ గుప్పిట్లో ఉప్పు పట్టుకుని నిలబడి ఉంది. గోడ మీద వాక్యం క్యాలెండర్, చేతిలో దిష్టి ఉప్పు.

"పాస్టర్‌కు చెప్పకు" అంది. తర్వాత నా ముఖం చూడకుండా, "అనుపమా, నీ మనసు మంచిదే. గనీ కన్ను మన మాట ఇనదు. గా పొద్దు ఆడు నీ ఏలు పట్టుకుంటే నువ్వు గుంజుకున్నవ్. నేను చూసిన" అంది.

నా కోపానికి చేతిలో గ్లాసు ఉంటే విసిరేదాన్ని. ల్యాబులో సీనియర్ని, పద్నాలుగేళ్ల సర్వీసు. నా కంటికి పిల్లల నెత్తురు విరిచే శక్తి ఉందట. కన్నుతో ఏమీ కాదు అత్తమ్మా, దేనితో అవుతుందో నాకు తెలుసు, అని నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

అత్తమ్మ ఆసుపత్రికి వెళ్లాక షెర్లిన్ గదిలోకి వెళ్లాను. అలమరలోవి, తాడు మీదివి, దిండు కింద ఉన్నవి అన్నీ తీసి సూట్‌కేసులో పెట్టి తాళం వేశాను. ఎనిమిది జతలే ఉన్నాయి. పసుపుది కనబడలేదు. ఎక్కడో ఉంటుంది.

ఇంక ఆ బట్టలు వాడి దగ్గర లేవు కాబట్టి ఇంక చెప్పాల్సిన పని కూడా లేదు. కారణం పోయింది. వైద్యం ఎలాగూ అదే. చెప్పినంత మాత్రాన పగిలిన కణాలు అతుక్కోవు.

ఫిబ్రవరి 12

కామెర్లు పన్నెండుకు దిగాయి. పాలు తాగాడు. ల్యాబు బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. సంతోషంతోనే.

ఫిబ్రవరి 13

ఏడేళ్లు దాచాను కనుకనే ఇంత గట్టిగా దాగింది. చెప్తే మొదట అడిగేది, ఎప్పుడు కొన్నావని. ఐదో నెలలో అంటే, పుట్టకముందే కొన్నావా అంటుంది అత్తమ్మ. అందుకే దక్కలేదు అంటుంది. నేను సైన్సు చదివినదాన్ని, అలాంటివి నమ్మను. కానీ ఆ మాట ఆమె నోటితో వినలేను. నా నోటితో నేను చాలాసార్లు అనుకున్నాను.

ఫిబ్రవరి 15, శనివారం

బాబు ఇంటికి వచ్చాడు. నల్లబడి, చిక్కి, ఇంకా మా ఆయన ముక్కుతోనే. కారణం ఏదో తేలలేదని, జాగ్రత్తగా చూసుకోమని డాక్టరమ్మ పంపించింది. రేపు సాయంత్రం ఇంట్లో కృతజ్ఞతా కూడిక.

ఫిబ్రవరి 16, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఐదింటికి మేడ మీది హాస్టల్ నుంచి కుర్చీలు దింపారు. ఆయన, నేతన్ హాల్లో వేస్తున్నారు. అత్తమ్మ కేసరిలో జీడిపప్పు వేస్తోంది. పాస్టర్‌గారు ఎర్రగడ్డ దాటారని ఫోన్ వచ్చింది. నేను షెర్లిన్ గది గుమ్మంలో ఉన్నాను. మంచం మీద బాబు, ఒంటి మీద లంగోటీ తప్ప ఏమీ లేదు.

"అక్కా, మీరు తెచ్చినయి ఎటు పోయినయో ఒక్కటి సుత కనిపిస్తలేదు. దవాఖాన గడబిడల ఎవరన్న సర్దిన్రో ఏమో" అంటూ ఆసుపత్రి సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. ముడి గట్టిగా కట్టి ఉంది. "గనీ గిదొక్కటి ఏరే దాచిన. ఇంటికొచ్చినంక మొదటి కూడికకు ఏద్దామని."

పసుపు జత. ముడి విప్పగానే గుమ్మం దాకా వాసన వచ్చింది. ఇన్ని రోజులు కవర్లో ఊరిన వాసన.

"అది వద్దు, మాసింది. వేరేది వెయ్యి" అన్నాను.

"ఒక్కసారి సుత ఏయలే అక్కా. మడత సుత ఇప్పలే" అని నవ్వి, బాబు కుడి చెయ్యి జుబ్బా చేతిలోకి దూర్చింది.

ఇంకో అబద్ధం సిద్ధంగానే ఉంది. చిన్నదైందనో, పిన్నీసు ఉందనో అనొచ్చు. రేపు ఇంకోటి చెప్పాల్సి వస్తుంది. ఎల్లుండి నేను ల్యాబులో ఉన్నప్పుడు అత్తమ్మ ఏ పెట్టెలోంచి ఏ దుప్పటి తీసి కప్పుతుందో ఎవరికి తెలుసు? ఎందుకు కప్పకూడదో ఈ ఇంట్లో తెలిసినదాన్ని నేనొక్కతెనే. రెండడుగులు వేసి ఆ చేతిని బయటికి లాగేశాను. బాబు కేరుమన్నాడు.

"ఇవి కొత్తవి కావు" అన్నాను. "ఏడేళ్లు డాంబర్ గోళీల్లో పెట్టినవి. డాక్టరమ్మ అడిగినవి ఇవే. బాబుకు దీనివల్లే అయింది. చిక్కుడుకాయ కాదు. నీ తప్పు కాదు. ఉతకలేదు నేను. ఉతక్కుండా ఇచ్చాను."

హాల్లో కుర్చీల చప్పుడు ఆగింది. ఆయన గుమ్మంలోకి వచ్చి నా చేతిలో ఉన్న పసుపు జుబ్బా చూశాడు.

"ఎప్పటివి?" అన్నాడు.

"మనకు పుట్టాల్సినప్పటివి. ఐదో నెలలో కొన్నా."

ఆయన పక్కనున్న కుర్చీలో కూర్చున్నాడు. అత్తమ్మ గరిటెతోనే వంటింట్లోంచి వచ్చింది. నేతన్ గోడ వైపు తిరిగాడు. షెర్లిన్ బాబును రొమ్ముకు అదుముకుని నన్నే చూసింది. కోపంగా చూసినా బాగుండేది.

"డాక్టరమ్మ అడిగినప్పుడు మీరు నా పక్కనే ఉన్నరు గదా అక్కా" అంది.

అవునన్నాను. కూడిక జరిగింది. నేను వంటింట్లో ఉన్నాను.

ఫిబ్రవరి 17

డాక్టరమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "ఆ రోజే చెప్పి ఉంటే వెన్ను సూది తప్పేదండీ" అంది. ఇంట్లో ఆ గోళీలు ఒక్కటి కూడా ఉండకూడదు, ఆ బట్టలు ఎన్నిసార్లు ఉతికినా ఈ బాబుకు వద్దు అని చెప్పింది.

ఫిబ్రవరి 18

షెర్లిన్ లోపల గడియ పెట్టుకుంటోంది.

ఫిబ్రవరి 20, గురువారం

సెలవు పెట్టాను. అటకలు, అలమరలు, ట్రంకు పెట్టెలు అన్నీ దులిపి దొరికిన గోళీలన్నీ డబ్బాలో వేసి మూత బిగించాను. తర్వాత నీలం సూట్‌కేసు మేడ మీదికి మోసుకెళ్లి తొమ్మిది జతలూ సర్ఫులో నానబెట్టి ఉతికాను. మడతలు పోయాయి. హాస్టల్ పిల్లల జీన్సుల పక్కన, వీధిలో పోయే వాళ్లందరికీ కనబడేలా ఆరేశాను. ఇవి ఎవరికివ్వాలో ఇంకా తెలియదు.

కింద బాబు ఏడ్చాడు. షెర్లిన్ ఏదో అంది, ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం విని నాకు కడుపులో మంట పుట్టింది. ఇంత జరిగాక కూడా. అసూయ పోలేదు. పోయిందని రాస్తే ఈ పుస్తకంలో ఇంకో అబద్ధం చేరుతుంది.

అత్తమ్మ మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చింది. నాలుగు రోజులుగా నాతో మాట్లాడలేదు. వాక్యం చెప్తుందో, శాపం పెడుతుందో అని చూశాను. తాడు మీద ఒక్కొక్క జుబ్బా తీసి తిరగేసి మళ్లీ ఆరేయడం మొదలుపెట్టింది.

"ఎండకు రంగు పోతది" అంది.

ఐదోది తిరగేస్తూ, "ఐదో నెలల్నా?" అని అడిగింది. అవునన్నాను. ఇప్పుడంటుంది అనుకున్నాను.

"దాసు కడుపుల ఉన్నప్పుడు నేను నాలుగో నెలల్నే ఆరు జుబ్బాలు కుట్టిన. మా అత్తకు తెల్వకుండ బియ్యం డబ్బల దాచిన."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక అడిగాను. "మరి నాకెందుకు చెప్పారు అత్తమ్మా, కొనొద్దని?"

"మా అత్త నాకు చెప్పింది. నేను నీకు చెప్పిన" అంది. పసుపు జత చేతిలో పెట్టుకుని నిలబడింది. "నువ్వు దాచినవని నాకెట్ల తెలుస్తది?"

పిట్టగోడ దగ్గరికి వెళ్లి కిందికి చూశాను. పుట్టకముందే కుట్టిన ఆరు జుబ్బాలు తొడుక్కుని పెరిగిన మనిషి పంపు దగ్గర నిలబడి, రెండో తడవ ఉతకడానికి నాకు బకెట్ నింపుతున్నాడు.